తుడిచినా మిగిలే రాత: వాడుక ముగిసిన దత్తాంశ నిల్వ పరికరాల పునర్వినియోగం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
టేపులు, హార్డ్ డిస్కులు, ఫ్లాష్ పరికరాలు వాడుక ముగిసిన తర్వాత కూడా రెండింటిని తమలో ఉంచుకొంటాయి. ఒకటి తిరిగి అమ్మదగిన, కరిగించదగిన పదార్థపు విలువ. రెండోది పరుల చేతికి చిక్కరాని సమాచారం. మొదటిదాన్ని రాబట్టబోతే రెండోది బయటపడుతుందన్న భయం, రెండోదాన్ని కాపాడబోతే మొదటిది నశించడం అనే ఘర్షణ ఈ పరికరాల చరిత్ర పొడవునా కనిపిస్తుంది. ఆ ఘర్షణ ఎలా రూపుదిద్దుకొందో, దానికి ఏ పరిష్కారాలు వచ్చాయో వివరించి, భద్రమైన పునర్వినియోగానికి కావలసిన ఏర్పాటు పరికరపు చివరి రోజున కాక మొదటి రోజునే జరగాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దత్తాంశ నిల్వ, చెరిపివేత, హార్డ్ డిస్క్, ఎన్‌క్రిప్షన్, పునర్వినియోగం, ఈ-వ్యర్థాలు, విరళ మృత్తిక లోహాలు.

1. ఉపోద్ఘాతం:
పాత సామాన్లు కొనే వ్యాపారి తక్కెడలో ఇనుముకు ఒక ధర, రాగికి ఒక ధర, కాగితానికి ఒక ధర ఉంటాయి. కాగితం మీద ఏం రాసి ఉందన్నది ఆ తక్కెడకు పట్టదు. బ్యాంకు ఖాతా పుస్తకమైనా, పరీక్షల జవాబు పత్రమైనా కిలోకు ఇంత అనే లెక్క. రాతకు ఉన్న విలువ వేరు, రాతను మోసే వస్తువుకు ఉన్న విలువ వేరు అన్న సంగతి ఈ తూకంలో తేటతెల్లమవుతుంది.

హార్డ్ డిస్క్ అదే తక్కెడలోకి వచ్చినప్పుడు ఈ రెండు విలువల మధ్య తేడా ప్రమాదకరంగా మారుతుంది. అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలో అల్యూమినియం, ఉక్కు, రాగి, కొద్దిపాటి బంగారం, శక్తిమంతమైన అయస్కాంతాలు ఉంటాయి. దానితో పాటు లక్షల మంది పేర్లు, చిరునామాలు, ఖాతా సంఖ్యలు, వైద్య పరీక్షల ఫలితాలు కూడా ఉండవచ్చు. అమ్మేవారికి, కొనేవారికి కంటికి కనిపించేది మొదటి వరుస మాత్రమే. ఆ రెండో వరుసను ఎలా తొలగించాలి, తొలగిందని ఎలా నమ్మాలి అన్న ప్రశ్నలకు వేర్వేరు కాలాలు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది.

2. రాగిరేకు, తాటాకు, తోలుకాగితం:
కంప్యూటరుకు పూర్వమే రాతవస్తువుల పునర్వినియోగానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో రాగిరేకులను ఒక కడియానికి గుచ్చి, కడియపు కొసలను వరాహ లాంఛనం, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదం ఉన్న ముద్రలో బిగించేవారు. ఒక రేకు తీయాలన్నా, కొత్తది చేర్చాలన్నా కడియాన్ని కోయక తప్పదు. రాతను మోసే వస్తువు ఎవరి చేతుల్లో ఉన్నా అందులో మార్పు జరగలేదని చెప్పే ఏర్పాటు అది. శాసనంలోని హక్కు చెల్లినంతకాలం రేకుకు రాత వల్ల విలువ. హక్కు చెల్లని నాడు అది రాగి. ముందున్న రాతను సుత్తితో చదును చేసి దానిమీదనే మరో శాసనం చెక్కిన రేకులు భారతీయ శాసన పరిశోధకులకు దొరికాయి. వాటిలో పాత అక్షరాల జాడలు కొత్త అక్షరాల నడుమ నేటికీ కనిపిస్తాయి.

తాళపత్రం స్వభావం వేరు. గంటంతో గీసిన అక్షరం ఆకులోకి దిగుతుంది. మసి పూసి తుడిస్తే గీతలలో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. అలా దిగిన అక్షరాన్ని చెరిపి అదే ఆకును మళ్ళీ వాడడం సాధ్యం కాదు. అందుచేత శిథిలమైన గ్రంథానికి కొత్త ప్రతి రాసుకోవడమే మార్గమయింది. వస్తువును తిరిగి వాడలేనప్పుడు రాతను మరో వస్తువుకు తరలించడం మన గ్రంథ సంప్రదాయం నేర్చుకొన్న పద్ధతి.

ఐరోపాలో జంతుచర్మంతో చేసిన తోలుకాగితం ఖరీదైనది. దానిమీది రాతను గీకి మళ్ళీ రాసుకొనేవారు. ఆర్కిమెడీస్ రచనలకు 10వ శతాబ్దంలో రాసిన ఒక ప్రతిని 1229లో గీకి, ఆ పుటలను ప్రార్థనా గ్రంథంగా మార్చారు. 1906లో డెన్మార్క్ పండితుడు యోహాన్ లుడ్విగ్ హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ పుటల అడుగున ఉన్న గణితాన్ని గుర్తించాడు. 1998లో ఆ గ్రంథం వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. తర్వాతి దశాబ్దంలో బహువర్ణ ఛాయాచిత్రణం, ఎక్స్‌రే కిరణాల సాయంతో కంటికి కనబడని పంక్తులను సైతం చదివారు. గీకిన వ్యక్తి దృష్టిలో ఆ రాత 1229లోనే పోయింది. చదవగల సాధనం వచ్చేసరికి అది తిరిగి లేచింది. చెరిపివేత ఫలించిందా లేదా అన్నది చెరిపినవారి ఉద్దేశాన్ని బట్టి తేలదు, చదవబోయేవారి సాధనాలను బట్టి తేలుతుంది. తర్వాతి కాలపు వివాదాలన్నిటికీ ఈ సూత్రమే మూలం.

3. అయస్కాంత టేపుల కాలం:
అయస్కాంత టేపు వచ్చాక రాతవస్తువుకు ఒక కొత్త గుణం కలిగింది. పదార్థం అరగకుండానే పాత రాతమీద కొత్త రాత రాయవచ్చు. 1950ల ఆరంభంలో కంప్యూటర్లకు టేపులు అమరినప్పుడు, ఈ గుణమే వాటికి పెద్ద ఆకర్షణ. టేపును ఒక్కసారిగా ఖాళీ చేయడానికి బలమైన అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించేవారు. ఈ ప్రక్రియకు డీగాసింగ్ అని పేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ అయస్కాంత మైన్లకు చిక్కకుండా ఓడల ఉక్కులోని అయస్కాంతత్వాన్ని అణచడానికి బ్రిటిష్ నౌకాదళం వాడిన మాట అది. గణితజ్ఞుడు గాస్ పేరు మీద ఏర్పడిన కొలమానం నుంచి ఆ మాట పుట్టింది.

టేపు ఖరీదు ఎక్కువగా ఉన్న రోజుల్లో దాన్ని తిరిగి వాడడం పొదుపుగా, క్రమశిక్షణగా భావించారు. ఆ పొదుపుకు చెల్లించిన మూల్యం తర్వాత తెలిసింది. 1960, 70 దశకాలలో బీబీసీ తన టెలివిజన్ కార్యక్రమాల టేపులను తుడిచి మళ్ళీ వాడింది. 'డాక్టర్ హూ' ధారావాహికలోని పలు తొలి భాగాలు ఆ విధంగా కనుమరుగైన వాటిలో ప్రసిద్ధమైనవి. 1969 జులైలో చంద్రుడిపై మానవుడు తొలిసారి అడుగుపెట్టిన దృశ్యాలకు, భూమిమీది గ్రాహక కేంద్రాలలో నేరుగా నమోదయిన మేలైన మూలప్రతి టేపులు ఉండేవి. టేపుల కొరత వచ్చిన తరువాతి సంవత్సరాలలో వాటిని కూడా తుడిచి మరో పనికి వాడి ఉంటారని నాసా 2009లో ప్రకటించింది. ప్రసారమైన ప్రతులు ఉండబట్టి ఆ దృశ్యాలు మనకు మిగిలాయి.

ఈ దశలో వస్తువు విలువ గెలిచింది, రాత ఓడింది. పునర్వినియోగం వల్ల రహస్యం బయటపడుతుందన్న ఆందోళన కంటే, ఉండవలసిన రాత పోయిందన్న విచారమే ఈ కాలం మిగిల్చింది. పరికరాన్ని ఖాళీ చేయడానికి ముందు 'ఇది ఎవరిది, దీన్ని ఇంకా ఉంచవలసి ఉందా' అని అడిగే బాధ్యత ఎవరికో ఒకరికి ఉండాలన్నది ఈ నష్టాలు నేర్పిన పాఠం.

డీగాసింగ్ కథలో ఒక మలుపు కూడా గమనించదగినది. తొలినాటి టేపును డీగాసింగ్ చేస్తే అది కొత్తదానిలా వాడుకకు సిద్ధమయ్యేది. నేటి హార్డ్ డిస్కులో రాసే-చదివే మొనకు దారి చూపే గుర్తులను కర్మాగారంలోనే అయస్కాంత రూపంలో రాసిపెడతారు. డీగాసింగ్‌తో దత్తాంశంతో పాటు ఆ గుర్తులు కూడా పోతాయి. డిస్కు ఇక ఎందుకూ పనికిరాదు. ఒకనాడు పునర్వినియోగానికి ద్వారం తెరిచిన ప్రక్రియే నేడు ఆ ద్వారాన్ని మూసివేస్తోంది.

4. 1956: హార్డ్ డిస్కు, పాత యంత్రాల బజారు:
1956 ఈ చరిత్రలో రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు సెప్టెంబరులో ఐబీఎం సంస్థ ర్యామాక్ అనే కంప్యూటరును ప్రకటించింది. అందులోని నిల్వ పరికరమే వాణిజ్యపరంగా వచ్చిన మొదటి హార్డ్ డిస్కు. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలపై అది సుమారు 50 లక్షల అక్షరాలను నిలుపుకొనేది. అదే సంవత్సరం జనవరిలో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన న్యాయస్థాన ఒడంబడిక ప్రకారం, అంతవరకు యంత్రాలను అద్దెకు మాత్రమే ఇచ్చే ఐబీఎం వాటిని అమ్మకానికీ ఉంచవలసి వచ్చింది. అద్దె యంత్రం పని ముగిశాక తయారీదారు దగ్గరికే తిరిగి వెళ్తుంది. అమ్మిన యంత్రం చేతులు మారుతుంది. పాత కంప్యూటర్ల బజారుకు ఈ ఒడంబడిక దారి వేసింది.

1980లలో వ్యక్తిగత కంప్యూటర్లు వ్యాపించాక డిస్కులు సామాన్యుల చేతికి వచ్చాయి. వాటితో పాటు ఒక అపోహ కూడా వచ్చింది. పలక మీద తడిగుడ్డతో తుడిస్తే అక్షరం పోతుంది. కంప్యూటరులో 'డిలీట్' అంటే కూడా అలాగే జరుగుతుందని జనం అనుకొన్నారు. నిజానికి అప్పటి డాస్ వ్యవస్థ, ఫైలు పేరులోని మొదటి అక్షరం చోట ఒక గుర్తు పెట్టి, అది ఆక్రమించిన చోటును ఖాళీగా లెక్కవేసేది. పుస్తకంలో అధ్యాయాన్ని చించకుండా విషయసూచికలో దాని పేరు కొట్టివేయడం వంటిది ఆ పని. పీటర్ నార్టన్ 1982లో విడుదల చేసిన ఉపకరణాల సంపుటిలో, పొరపాటున తొలగించిన ఫైళ్ళను తిరిగి తెచ్చే ప్రోగ్రాం ప్రధాన ఆకర్షణ. దాని విజయానికి కారణం తొలగించినది తొలగకపోవడమే. పోయిన ఫైలు దొరికినవారికి అది వరం. పాత డిస్కును అమ్ముకొన్నవారికి అదే గుణం శాపమయింది.

5. సంతకు చేరిన రహస్యాలు:
ఆ శాపం ఎంత విస్తృతమో 2003లో ఒక పరిశోధన స్పష్టంగా చూపింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పరిశోధక విద్యార్థులైన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ 2000-2002 మధ్య పాత బజారులో 158 డిస్కులు కొన్నారు. చదవడానికి వీలయిన 129 డిస్కులలో సక్రమంగా శుభ్రం చేసినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5 వేలకు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య సమాచారం, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి. ఒక డిస్కు బ్యాంకు ఏటీఎం నుంచి వచ్చినది. చాలా డిస్కులను అమ్మేముందు యజమానులు 'ఫార్మాట్' చేశారు. తమ వంతు జాగ్రత్త తీసుకొన్నామన్న నమ్మకంతోనే వారు మోసపోయారు.

ఆ తర్వాతి సంవత్సరాలలో ఇటువంటి ఉదంతాలు వరుసగా వెలుగుచూశాయి. 2006లో అఫ్గానిస్తాన్‌లోని బగ్రాం సైనిక స్థావరం వెలుపలి బజారులో, దొంగిలించిన అమెరికన్ సైనిక ఫ్లాష్ డ్రైవులు బహిరంగంగా అమ్ముడుపోతున్నట్టు పత్రికలు రాశాయి. 2009లో ఘనా దేశానికి చేరిన ఈ-వ్యర్థాలపై చిత్రం తీసిన జర్నలిజం విద్యార్థులు అక్కడ కొన్న ఒక డిస్కులో అమెరికా రక్షణ గుత్తేదారు సంస్థ ఒప్పందాల వివరాలను కనుగొన్నారు. 2010లో ఒక అమెరికన్ టెలివిజన్ సంస్థ పాత ఫోటోకాపీ యంత్రాలను కొని, వాటి డిస్కులలో రోగుల వివరాలు బయటపెట్టింది. ఆ యంత్రాన్ని వాడిన అఫినిటీ అనే ఆరోగ్య బీమా సంస్థ 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించి ప్రభుత్వంతో వ్యవహారాన్ని పరిష్కరించుకొంది. నకలు తీసే యంత్రానికి కూడా జ్ఞాపకం ఉంటుందన్న సంగతి అప్పటికి చాలామందికి తెలియదు.

6. ఒకే సభ, రెండు పత్రాలు:
1996 జులైలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో జరిగిన యూసెనిక్స్ భద్రతా సదస్సులో, చెరిపివేత సమస్యపై రెండు పత్రాలు వెలువడ్డాయి. తర్వాతి చరిత్రను నడిపిన రెండు ఆలోచనాధారలు ఆ ఒక్క సభలోనే కనిపిస్తాయి.

మొదటిది న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ గుట్‌మన్ రాసినది. పాత రాతపై కొత్త రాత రాసినా అడుగున సన్నని అయస్కాంత జాడ మిగలవచ్చనీ, సూక్ష్మదర్శినులతో దాన్ని పసిగట్టే అవకాశం ఉందనీ ఆయన వాదించాడు. అప్పటి వివిధ రకాల డిస్కులకు తగినట్టుగా మొత్తం 35 మార్లు రాసే క్రమాన్ని సూచించాడు. ఏ డిస్కుకైనా దాని రకానికి సంబంధించిన భాగం చాలు. లోకం ఆ షరతును వదిలేసి సంఖ్యను పట్టుకొంది. 35 మార్లు రాయడం ఒక మంత్రజపంలా మారిందని గుట్‌మన్ స్వయంగా తర్వాత విచారపడ్డాడు. అమెరికా రక్షణశాఖ 1995 నాటి మాన్యువల్ పేరుతో మూడుమార్లు రాసే పద్ధతి కూడా ఇదే తీరున ప్రచారం పొందింది. ఆధునిక డిస్కుపై ఒక్కసారి పూర్తిగా రాస్తే పాత దత్తాంశాన్ని అర్థవంతంగా తిరిగి పొందడం సాధ్యం కాదని 2008లో క్రెయిగ్ రైట్, డేవ్ క్లైమన్, శ్యామ్ సుందర్ ప్రయోగాలతో చూపారు.

ఈ అతిజాగ్రత్త వల్ల కలిగిన ఆర్థిక ఫలితాన్ని లెక్కించి చూడాలి. సెకనుకు 250 మెగాబైట్ల వేగంతో 20 టెరాబైట్ల డిస్కుపై ఒక మారు పూర్తిగా రాయడానికి 22 గంటలు పడుతుంది. 35 మార్లకు 32 రోజులు. పాత డిస్కు ధరకు ఆ శ్రమ గిట్టదు. ఒక్కమారు చాలునన్న నమ్మకం కుదరనప్పుడు డిస్కును ముక్కలు చేయడమే సులువు. అడుగున జాడ మిగులుతుందన్న భయం పునర్వినియోగాన్ని ఆ విధంగా దెబ్బతీసిందని ఈ వ్యాసం అభిప్రాయం.

రెండో పత్రం డాన్ బోనే, రిచర్డ్ లిప్టన్ రాసినది. వారి ఎదుట ఉన్న ప్రశ్న వేరు. ఒక ఫైలును తొలగించాలంటే, దూరపు గిడ్డంగులలో భద్రపరచిన నకలు టేపులన్నిటినీ తెప్పించి తుడవాలా? దానికి వారు చూపిన ఉపాయం సరళమైనది. టేపుకు ఎక్కేముందే ఫైలును ఎన్‌క్రిప్షన్‌తో గూఢలిపిగా మార్చాలి. దాన్ని విప్పే తాళంచెవిని వేరుగా ఉంచాలి. ఫైలు అక్కరలేని నాడు తాళంచెవిని నాశనం చేస్తే, టేపులు ఎక్కడ ఉన్నా వాటిలోని రాత అర్థంలేని గీతలుగా మిగులుతుంది. వస్తువును తాకకుండానే రాతను చెరపడం అనే భావన ఇక్కడ స్పష్టరూపం పొందింది. పెద్ద రాతను చెరిపే పని చిన్న తాళంచెవిని చెరిపే పనిగా కుదించుకుపోయింది.

గుట్‌మన్ పత్రం పేరు మోసింది. రెండోది నిదానంగా ఆచరణలోకి వచ్చింది. తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేసుకొనే డిస్కులకు 2009 నాటికి ఓపల్ అనే పరిశ్రమ ప్రమాణం ఏర్పడింది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2006లో వెలువరించిన చెరిపివేత మార్గదర్శకాలు, తొలగింపును మూడు మెట్లుగా విభజించాయి. మామూలు ఉపకరణాలతో తిరిగి తేలేనట్టు చేయడం మొదటి మెట్టు. ప్రయోగశాల సాధనాలకు కూడా అందకుండా చేయడం రెండోది. పరికరాన్నే ధ్వంసం చేయడం మూడోది. 2014 సవరణలో తాళంచెవిని నాశనం చేసే పద్ధతికి, తగిన షరతులతో, రెండో మెట్టులో స్థానం లభించింది. ఏ మెట్టు ఎక్కాలన్నది సమాచారపు సున్నితత్వాన్ని బట్టి నిర్ణయించాలన్నది ఆ పత్రం సారం. ధ్వంసం అన్నిటికీ మందు అన్న ధోరణి నుంచి ఇది ముఖ్యమైన మార్పు.

7. ఫ్లాష్ పరికరాలు, నమ్మకానికి పరీక్ష:
ఫ్లాష్ పరికరాలు రావడంతో తిరగరాత అనే పాత ఉపాయం కూడా సందేహాస్పదమయింది. ఫ్లాష్ కణాలు పరిమిత సంఖ్యలో మాత్రమే రాతను తట్టుకొంటాయి. అందువల్ల లోపలి నియంత్రకం ప్రతి కొత్త రాతను వేరొక చోటికి మళ్ళిస్తుంది. పాత రాతమీద కొత్తది రాశామని కంప్యూటరు అనుకొంటుంది, పాత రాత మరో మూల పదిలంగా ఉంటుంది. 2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి పరికరాలను విప్పి చిప్పులను నేరుగా చదివారు. ఒక్కొక్క ఫైలును తిరగరాసి తొలగించే పద్ధతులు విఫలమయ్యాయి. పరికరంలోని సొంత చెరిపివేత ఆదేశం చాలాచోట్ల పనిచేసినా, ఒక పరికరం మాత్రం చెరిపానని చెప్పి దత్తాంశమంతా అలాగే ఉంచింది.

ఎన్‌క్రిప్షన్‌కూ ఇటువంటి పరీక్ష ఎదురయింది. కొన్ని ప్రసిద్ధ ఫ్లాష్ డ్రైవులలోని ఎన్‌క్రిప్షన్‌ను సంకేతపదం తెలియకుండానే దాటవచ్చని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెల్లడించారు. తాళం ఉన్నంత మాత్రాన గది భద్రం కాదు, తాళంచెవి తలుపు పక్కనే వేలాడుతూ ఉండవచ్చు. పద్ధతిని ఎంచుకోవడంతో పాటు ఫలితాన్ని సరిచూడడం కూడా చెరిపివేతలో భాగమని ఈ రెండు పరిశోధనలు స్థిరపరిచాయి.

8. ముక్కలలో పోయే విలువ:
డిస్కును యంత్రంలో వేసి ముక్కలు చేస్తే పోయేదేమిటో తెలియాలంటే దాని నిర్మాణం గమనించాలి. చదివే మొనను క్షణంలో అటూ ఇటూ కదిపే భాగంలో నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాలు ఉంటాయి. 1980ల తొలి అర్ధభాగంలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు వేర్వేరుగా రూపొందించిన ఈ అయస్కాంతాలు డిస్కులు చిన్నవి కావడానికి దోహదం చేశాయి. నియోడిమియం విరళ మృత్తిక లోహాలలో ఒకటి. వీటి శుద్ధి చాలా వరకు చైనాలో జరుగుతుంది. 2010లో చైనా ఎగుమతులను తగ్గించడంతో మరుసటి ఏడు వీటి ధరలు విపరీతంగా పెరిగాయి. 2025 ఏప్రిల్‌లో మరికొన్ని విరళ మృత్తికలపై, వాటితో చేసిన అయస్కాంతాలపై ఆంక్షలు వచ్చాయి.

డిస్కును ముక్కలు చేసినప్పుడు ఈ అయస్కాంతం పొడిపొడిగా విరిగి ఉక్కు ముక్కలకు అంటుకొంటుంది. ఉక్కుతో పాటు కొలిమికి వెళ్ళి అక్కడి చిట్టెంలో కలిసిపోతుంది. గనిలో నుంచి ఎంతో శ్రమతో తీసిన లోహం ఆ విధంగా ఎవరికీ దక్కకుండా పోతుంది. 2010లో హిటాచీ సంస్థ డిస్కులను ముక్కలు చేయకుండా, తిరిగే పీపాలో వేసి విడదీసి అయస్కాంతాలను ఏరే యంత్రాన్ని ప్రకటించింది. 2025లో వెస్టర్న్ డిజిటల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఇతర భాగస్వాములతో కలిసి, అప్పటికే ముక్కలైన సుమారు 50 వేల పౌండ్ల డిస్కుల తుక్కు నుంచి ఆమ్లాలు వాడని ప్రక్రియతో విరళ మృత్తికలను, బంగారాన్ని, రాగిని, అల్యూమినియాన్ని, ఉక్కును రాబట్టినట్టు తెలిపాయి.

విలువకు ఒక వరుసక్రమం ఉంది. పనిచేసే డిస్కు మొత్తంగా మళ్ళీ వాడుకలోకి వస్తే విలువ అత్యధికం. తర్వాత విడిభాగాలు, ఆ తర్వాత చెక్కుచెదరని అయస్కాంతం, చివరకు లోహపు తుక్కు. ముక్కలు చేసే యంత్రం పై మూడింటినీ దాటవేసి నేరుగా చివరి మెట్టుకు దిగుతుంది. భద్రత పేరిట రూపాయి వస్తువు పైసల తుక్కు అవుతుంది.

9. కడియం తెగిన చోట:
సాంకేతిక పద్ధతులు ఎంత మెరుగైనా, పరికరం చేతులు మారే దారి భద్రంగా లేకపోతే ఫలం లేదు. మోర్గాన్ స్టాన్లీ సంస్థ ఉదంతం దీనికి ప్రబలమైన నిదర్శనం. 2016లో ఆ సంస్థ రెండు దత్తాంశ కేంద్రాలను మూసివేస్తూ, దత్తాంశ నాశనంలో అనుభవం లేని ఒక సామాను తరలింపు సంస్థకు పని అప్పగించింది. ఆ పరికరాలలో కొన్ని చేతులు మారి, దత్తాంశం చెక్కుచెదరకుండానే ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. వాటిని కొన్న ఒకరు సంస్థకు తెలియజేశాకే విషయం బయటపడింది. అమెరికా బ్యాంకుల పర్యవేక్షక సంస్థ 2020లో 6 కోట్ల డాలర్లు, సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 2022లో 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. సుమారు 1.5 కోట్ల మంది ఖాతాదారుల సమాచార రక్షణ ఇందులో ఇమిడి ఉంది.

ఈ ఉదంతంలో ఒక వివరం అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ సంస్థ శాఖలలో తొలగించిన కొన్ని పరికరాలకు ఎన్‌క్రిప్షన్ సౌకర్యం ముందునుంచే ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని వాడుకలో పెట్టలేదు. మొదటి రోజున ఒక సౌకర్యాన్ని ఆన్ చేసి ఉంటే, చివరి రోజున డిస్కు దారితప్పినా అందులోని రాత ఎవరికీ అందేది కాదు. తామ్రశాసనపు కడియంలా ప్రతి చేతి మార్పుకూ సాక్ష్యం, సంఖ్యల పట్టిక, సరిచూసిన ధ్రువపత్రం ఉండి ఉంటే, దారితప్పిన డిస్కు ఏదో ఆనాడే తెలిసేది.

10. భారతీయ, తెలుగు సందర్భం:
భారతదేశంలో ఈ సమస్య రెండు చట్టాల మధ్య నిలిచి ఉంది. ఈ-వ్యర్థాల నియమాలు 2012 మే నుంచి అమలులోకి వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన తాజా నియమాలు 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్నాయి. పర్యావరణ శాఖ పరిధిలోని ఈ నియమాలు తయారీదారు బాధ్యతను తూకంలో కొలుస్తాయి. మరమ్మతు చేసి వాడుకకాలం పొడిగించడాన్ని కూడా గుర్తిస్తాయి. రెండో చట్టం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం. ప్రయోజనం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని చెరిపివేయాలని అది విధిస్తుంది. భద్రతా ఏర్పాట్లలో వైఫల్యానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తుంది. ఒక చట్టం వస్తువును చూస్తుంది, మరొకటి రాతను చూస్తుంది. ఒకే డిస్కు రెండింటికీ లోబడి ఉన్నా, తూకపు ధ్రువపత్రం చెరిపివేతకు సాక్ష్యం కాదు, చెరిపివేత ధ్రువపత్రం లోహం దక్కిందనడానికి సాక్ష్యం కాదు.

ఈ రెండింటి నడుమ ఉన్న మూడో పక్షం, ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల చేతులతో, సుత్తితో, ఆమ్లంతో పరికరాలను విప్పే శ్రామికులు. విడదీసే నైపుణ్యం వారి చేతుల్లో ఉంది. ఆమ్లపు పొగ వారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. భద్రత కోసం పెద్ద సంస్థలు పరికరాలను ధ్వంసం చేస్తే వీరికి చేరేది విలువ తగ్గిన తుక్కు. జాగ్రత్త లేకుండా వదిలేస్తే వీరికి చేరేది పరుల రహస్యం. రెండు దారులలోనూ వీరి శ్రమకు తగిన ఫలం లేదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ చరిత్రతో సంబంధం ఇప్పుడు బలపడుతోంది. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రంగా తన క్లౌడ్ సేవలను ప్రారంభించింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో దత్తాంశ కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. పెద్ద కేంద్రాలలో డిస్కుల వాడుకకాలం కొన్నేళ్ళే. వచ్చే ప్రతి కేంద్రం వెనుక కొద్ది కాలానికే డిస్కుల తొలగింపు మొదలవుతుంది. వాటిని ఎదుర్కొనే శాస్త్రీయ సామర్థ్యం కూడా ఇక్కడ ఉంది. హైదరాబాదులోని సీ-మెట్ సంస్థ సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను రాబట్టే ప్రక్రియలను రూపొందించింది. అదే నగరంలోని ఎన్ఎఫ్‌టీడీసీ విరళ మృత్తిక అయస్కాంతాలపై పనిచేస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. వీటిని చెరిపివేత ప్రమాణాలతో కలిపే కృషి జరగవలసి ఉంది. ఆ అవసరం పెద్ద కేంద్రాలకే పరిమితం కాదు. మండల కార్యాలయం, ఆసుపత్రి, సహకార బ్యాంకు, ఫోటోస్టాట్ దుకాణం వంటి చోట్ల కూడా పాత డిస్కు తక్కెడకు ఎక్కే రోజు వస్తుంది.

11. ముగింపు:
పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. రాతకూ, రాతను మోసే వస్తువుకూ వేర్వేరు విలువలున్నాయి. ఒకదాని విలువనే చూసిన ప్రతిసారీ రెండోది నష్టపోయింది. టేపుల కాలంలో రాత పోయింది, డిస్కులను ముక్కలు చేసే కాలంలో వస్తువు పోతోంది.

2. చెరిపివేతను చదవబోయేవారి సాధనాలతో కొలవాలి. తక్కువ అంచనా రహస్యాలను బజారుకెక్కించింది. అతి అంచనా ఉపయోగపడే పరికరాలను తుక్కు చేసింది.

3. 1996 నాటి తాళంచెవి ఆలోచన ఈ రెండు విలువలను విడదీసే మార్గం చూపింది. అయితే అది పరికరంలో మొదటి అక్షరం రాయకముందే అమలు కావాలి, చివర దాని ఫలితాన్ని సరిచూడాలి.

4. పరికరం చేతులు మారే ప్రతి చోట సాక్ష్యం ఉండాలి. ఖాళీ చేసేముందు దానిలోని రాతను ఉంచవలసిన అవసరం ఉందో లేదో తేల్చే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

5. భారతదేశంలో తూకాన్ని కొలిచే నియమాలకూ, వ్యక్తి సమాచారాన్ని కాపాడే చట్టానికీ మధ్య ఉమ్మడి ధ్రువీకరణ అవసరం. విప్పే శ్రామికుడి ఆరోగ్యం, ఆదాయం ఆ ధ్రువీకరణలో భాగం కావాలి.

వాడుక ముగిసిన డిస్కును ఏం చేయాలన్న నిర్ణయం చాలాచోట్ల గిడ్డంగి తలుపు దగ్గర, ఆఖరి నిమిషంలో జరుగుతోంది. అప్పటికి మిగిలే దారులు రెండే: ముక్కలు చేయడం, లేదా నమ్మి వదిలేయడం. డిస్కును కొనుగోలు చేసే పత్రంలోనే దాని ఎన్‌క్రిప్షన్, తాళంచెవి బాధ్యత, చివరి మజిలీ రాసిపెట్టుకొన్న సంస్థకు మూడో దారి ఉంటుంది. అది పరికరాన్ని నిర్భయంగా మరొకరి చేతిలో పెట్టగలదు.